స్వాప్‌లో దొరికిన దొంగ

మా కొల్హాపూర్ పాల సంఘంలో ఉజ్జ్వలా శేళ్కే అంటే ఎవరికీ పడదు. నోరు అలాంటిది మరి. కంప్యూటర్ల గది ఆవిడది, పాలలో వెన్నశాతం చూసే ల్యాబ్ నాది. ఆవిడ తిట్లన్నీ నాకు వినపడతాయి. నిజం చెప్పొద్దూ, నాకవి ఇష్టం కూడా.

ఆ వేసవిలో రోజూ పొద్దున, సరిగ్గా పాలు తూచే వేళకే సర్వర్ మొరాయించేది. వరసలో నిలబడ్డ రైతులు మమ్మల్ని నానా మాటలూ అనేవాళ్ళు. ఓ శనివారం మేనేజర్ ఘాటగే ఊగిపోతూ వచ్చాడు.

"స్వాప్ నిండిపోయిందట! ఎవడు తింటున్నాడో తేల్చు!"

మెమరీ చాలనప్పుడు సర్వర్, ఊరికే కూర్చున్న ప్రోగ్రాముల్ని డిస్కులో ఓ మూలకి నెట్టేస్తుంది. ఆ మూలే స్వాప్. ఏ ప్రోగ్రాము అందులో ఎంత చోటు పట్టిందో ఉజ్జ్వల తీసి, పెద్దవి పైకి వచ్చేలా పేర్చింది. అన్నిటికన్నా పైన ఆవిడ రాసిందే ఉంది! పాల ట్యాంకు వేడెక్కితే లేచి గంట కొట్టే ప్రోగ్రాము అది.

ఘాటగే మొహం వెలిగిపోయింది. "ఇంటిదొంగవి నువ్వేనన్నమాట! ఆపెయ్ దాన్ని."

"సాహెబ్, అది కదలకుండా కూర్చుంది కాబట్టి బయటికి గెంటేశారు. గెంటిందెవరో చూడండి. చైర్మన్‌గారికి చూపించే మీ రంగురంగుల గ్రాఫుల పటాలు! పొద్దున్నే ఉన్న మెమరీ అంతా అవే మింగుతున్నాయి."

"నా పటాల జోలికొస్తే ఊరుకోను."

"పోనీ, ట్యాంకు దగ్గర మనిషినైనా పెట్టండి."

"నీ జీతంలోంచి పెట్టనా?" అంటూ ఆవిణ్ణి కుర్చీలోంచి లేపి, తనే ఆ ప్రోగ్రామును చంపేశాడు. తన అనుమతి లేకుండా మళ్ళీ ఎక్కిస్తే ఉద్యోగం ఊడుతుందని కూడా చెప్పాడు. ఛీ, వాడి బతుకు!

ఆదివారం మధ్యాహ్నం ట్యాంకును చల్లబరిచే మిషను ఆగిపోయింది. గంట మోగలేదు, ఎవరూ చూడలేదు. సాయంత్రం నేను మూత తీస్తే పుల్లటి కంపు గుప్పుమంది. మూడు ఊళ్ళు పోసిన పాలు, మొత్తం కాలవలో పారబోశాం.

రైతులందరి ముందూ ఘాటగే ఉజ్జ్వల మీద విరుచుకుపడ్డాడు. "నీ గంట ఏమైందే?"

"నువ్వే కదరా చంపావు!"

మేనేజర్‌ని 'రా' అన్నందుకు ఆవిణ్ణి ఆ పూటే తీసేశారు. పాల సంగతి ఎవరూ అడగలేదు.

సోమవారం పొద్దున సర్వర్ మళ్ళీ మొరాయించింది. స్వాప్‌లో ఎవడున్నాడో తేల్చమని ఘాటగే కంప్యూటర్ల గది గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. గదిలో ఎవరూ లేరు. అతని పటాలు మాత్రం నడుస్తున్నాయి.