జేనీ పిల్లల గుడారం

మా ఆడపడుచు జేనీ కూనిషిష్ చేసిన రొట్టె నమలాలంటే దవడలు గట్టిగా ఉండాలి. కానీ సరస్సు ఒడ్డున పిల్లల గుడారం లేచింది ఆమె వల్లే. అది మాత్రం ఎవరూ కాదనలేరు.

అంతకుముందు తల్లికి జబ్బు చేసినా, తాగుడు పట్టుకున్నా సర్కారువాళ్లు పిల్లల్ని పట్నంలో ముక్కూమొహం తెలియని ఇళ్లకు పంపేవాళ్లు. తిరిగొచ్చేసరికి వాళ్లకు మా క్రీ తెగ మాట రాదు, అడవి బాతుకు ఈకలు పీకడం రాదు. జేనీకి అది చూసి కడుపు మండింది. మొగుడి వేట గుడారం తెచ్చి వేసింది, లోపల దేవదారు కొమ్మలు పరిచింది, ముసలమ్మలందరికీ వంతులు వేసింది.

"వదినా, ఇంట్లో కూర్చుని నువ్వు చేసే పనేముంది, వాగడం తప్ప? వచ్చి పిల్లలకు కథలు చెప్పు."

"నీ రొట్టె తినమననంటే వస్తా."

ఆ వసంతంలో మా దగ్గరకు డెల్లా వచ్చింది. ఏడాది దాటిన పిల్ల. తల్లి రూబీ తాగుడు మాన్పించే ఆసుపత్రిలో ఉంది. పిల్ల ఇక్కడ ఉండాలా, పట్నం పోవాలా తేల్చడానికి సర్కారు పిల్లల శాఖ నుంచి సోఫీ అనే అమ్మాయి వచ్చింది.

గుడారంలో డెల్లా కుందేలు పిల్లలా పరుగులు పెడుతోంది. బయటికి రాబోతుంటే జేనీ చంకనెత్తుకుంది. పిల్ల గింజుకుని ఏడుపు లంకించుకుంది.

"కిందికి దించండి, నడుస్తుందిగా" అంది సోఫీ.

"ఇప్పుడే దించకూడదు."

"బయట నడవనివ్వకపోతే ఎట్లాగండీ? ఇట్లాగైతే పట్నం పంపెయ్యమనే చెప్పాల్సొస్తుంది."

జేనీ పిల్లని ఇంకో చంకకు మార్చుకుందే గాని, ఎందుకో చెప్పలేదు. మావాళ్ల తీరే అంత. అందరికీ తెలిసిన సంగతి చెప్పేదేముంది అనుకుంటాం. నేనే అందుకున్నాను.

"ఇదిగో అమ్మాయ్, మా పిల్లలు బయటి నేల మీద మొదటిసారి కాలు పెట్టడం మాకు పండగ. పొద్దు పొడిచేటప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని గుడారం దాటించాలి. అందాకా మోస్తాం. తల్లేమో మీ పట్నంలో ఉంది. దారినపోయేవాళ్ల చెయ్యి పట్టించమంటావా?"

"ముందే చెప్పొచ్చుగా" అంది సోఫీ.

"నువ్వు అడగొచ్చుగా" అంది జేనీ.

ఆ వారాంతానికి సోఫీ ఆసుపత్రివాళ్లను ఒప్పించి, రూబీని తన కారులోనే కంకర రోడ్డు మీద తీసుకొచ్చింది.

పొద్దు పొడుస్తుండగా డెల్లా వీపున చిన్న కట్టెల మోపు కట్టాం. రూబీ దాని చెయ్యి పట్టుకుంది. పిల్లది దర్జాగా బయటికి అడుగుపెట్టింది. ఎదురుగా ఉన్న చెట్టు చుట్టూ తిరిగొచ్చి, ఆ కట్టెలు పెద్దలకివ్వాలి, అదీ ఆచారం. సగం దారిలో బురద కనబడగానే చతికిలబడి రెండు చేతులా పిసకడం మొదలెట్టింది. ఊరంతా నిలబడి చూస్తోంది. రూబీ కంగారుగా వంగింది.

"ఎత్తకే" అంది జేనీ. "దానిష్టం వచ్చినప్పుడు లేస్తుంది. ఎవరికి రైలు తప్పిపోతోంది?"

అందరూ నవ్వారు, రూబీ కూడా. ఆ నవ్వులకు డెల్లా లేచి, చెట్టు చుట్టి గుడారంలోకి వచ్చి, కట్టెలు పెద్దల ముందు పడేసింది. వరసగా అందరూ ముద్దుపెట్టుకున్నారు. లోపల పరిచిన కొమ్మల మీద కూర్చున్న సోఫీ చెంపకూ బురద అంటింది.

"డెల్లా ఇక్కడే ఉంటుంది" అంది సోఫీ, చెంప తుడుచుకోకుండానే. "రూబీ కోలుకుని వచ్చేదాకా."

జేనీ తలూపింది. "మంచిది. ఇంకా గుడారం దాటాల్సిన పిల్లలు ఇద్దరున్నారు, వాళ్ల తల్లులూ పట్నంలోనే. కారులో పెట్రోలు పోయించుకో."