సగంలో ఆపిన కథ

మొన్న ఉప్పల్ రింగ్ రోడ్డులో మేడిపల్లి బస్సు కోసం నిలబడి ఉంటే, నా పక్కనే ఒక తల్లి తన బిడ్డకు ఏదో కథ చెబుతూ, బస్సు రాగానే ఆపేసి ఎక్కబోయింది. ఆ పిల్ల మాత్రం కొంగు పట్టుకుని, తర్వాత ఏమైందో చెబితేగాని కదలనని మొండికేసింది. నవ్వు రావలసిన చోట నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఎక్కవలసిన బస్సూ అదే, ఎక్కలేకపోయాను.

రాష్ట్రం రావడానికి చాలా ముందు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాచారం ఫ్యాక్టరీల వెనక సందులో ఒక చిన్న గ్రంథాలయం ఉండేది, నా పని అందులోనే. మన తరానికి అలాంటి గదులు కొత్త కాదు. పేపరు కోసం కాచుకున్న పెద్దమనుషులు, కిర్రుమనే ఫ్యాను, తాళం వేసిన బీరువాలు. మా దగ్గర మాత్రం పిల్లల బీరువాకు తాళం ఉండేది కాదు, ఎందుకంటే పిల్లల విభాగం చూసే అక్క వేయనిచ్చేది కాదు. అక్క నాకంటే బాగా పెద్దది, జనగామ వైపు మనిషి. పిల్లల చేతుల్లో పుస్తకం చిరిగితే చిరగనీ, ఎవరూ ముట్టక కొత్తగా ఉంటేనే ఏడుపొస్తుందని పైవాళ్లతో పోట్లాట పెట్టుకునేది.

శనివారం సాయంత్రం పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని కథ చదివేది. సరిగ్గా వాళ్లు ఊపిరి బిగబట్టే చోట ఆపి, పుస్తకం బల్ల మీదే వదిలేసి, చాయ్ తాగడానికి లేచిపోయేది. ఎంత బతిమాలినా మిగతాది చెప్పేది కాదు, కావాలంటే కూడబలుక్కుని చదువుకోవలసిందే. అలా చదవడం నేర్చిన వాళ్లలో ఒక ఫ్యాక్టరీ కూలీ కూతురు ఉండేది. అక్షరం రాని తల్లి రొట్టెలు చేస్తుంటే పొయ్యి పక్కన కూర్చుని చదివి వినిపించేదట. ఆ మాట చెప్పేటప్పుడు అక్క ముఖం చూసి తీరాలి.

ఒక వానాకాలం ఆ పిల్లకు జ్వరం ముదిరి దవాఖానాలో చేర్చారు. మేమిద్దరం కొత్త పుస్తకం తీసుకుని వెళ్లాం. అక్క మంచం పక్కన కూర్చుని చదువుతుంటే వాడిపోయిన ఆ ముఖం విప్పారింది. అలవాటు చొప్పున మంచి పట్టు మీద ఆపి, మిగతాది నువ్వు వచ్చాక గ్రంథాలయంలో అని తల నిమిరింది. పిల్ల నవ్వుతూనే మూతి ముడిచింది. మళ్లీ రాలేదు. ఆ జ్వరంలోనే పోయింది.

ఆ తర్వాత అక్క ప్రతి కథా చివరిదాకా చదివేది. పిల్లలు హాయిగా విని ఇళ్లకు పోయేవారు, బల్ల మీది పుస్తకం ఎక్కడిదక్కడే ఉండేది. చూసి చూసి, వెనకటిలాగే ఆపమని ఒకరోజు నేనే బతిమాలాను. అక్క బల్ల మీది పుస్తకం తీసి బీరువాలో పెట్టింది.

“సగంల ఆపాలంటే పిల్ల మళ్ల వస్తదన్న ధైర్యం ఉండాలె. అది నా దగ్గర లేదు బిడ్డా.”

రాష్ట్రం వచ్చేనాటికి అక్క రిటైరై ఊరికి వెళ్లిపోయింది, ఆ సందులో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇప్పటి పిల్లలకు కథల కొరత లేదు, ఫోన్లో ఒకటి ముగియకముందే ఇంకొకటి మొదలవుతుంది. మిగిలిన సగం కోసం వారమంతా కాచుకునే పిల్లలు మాత్రం నాకు కనబడరు. దవాఖానాలో ఆగిన ఆ కథలో తర్వాత ఏమైందో నాకు తెలుసు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేకపోయాను.