తెడ్డుకు పర్మిషన్

మా ఆయన చేతిలోంచి తెడ్డు తీసేయమని నేను దేవుణ్ణి చాలాకాలం ప్రార్థించాను. మా చర్చిలో ఎంతోమంది ఆడవాళ్ళు భర్త చేతిలోంచి సీసా తీసేయమని కన్నీళ్ళతో ప్రార్థిస్తారు. మా ఆయన సీసా ముట్టడు. బిరియాని తెడ్డు ముట్టకుండా ఉండలేడు.

ఆయన కానిస్టేబుల్. మేముండేది మదనపల్లెలో. పోలీసులకు వారానికొక సెలవు మొదలుపెట్టినప్పుడు ఆయనకు ఆదివారం పడింది. అది దేవుడి ఏర్పాటేనని మురిసిపోయాను. మా చర్చిలో కుటుంబాలుగా బెంచీల మీద కూర్చుంటాం. అయినా నా పక్కన ఎప్పుడూ నా హ్యాండ్‌బ్యాగే కూర్చునేది. మావాళ్ళ పెళ్ళిళ్ళు ఆదివారం జరగవు గాని, కృతజ్ఞత కూటాలకు, నిశ్చితార్థాలకు, పుంగనూరులోనో కుప్పంలోనో ఎవరిదో ఒక రిసెప్షన్‌కు కొదవ లేదు. నేను పాటల పుస్తకం తెరిచే వేళకు ఆయన ఎక్కడో లుంగీ ఎగ్గట్టి బిరియాని డేక్సా ముందు నిలబడి ఉంటాడు. అందుకు కూలి కూడా తీసుకునేవాడు.

నేను ఆదివారపు బడి టీచరును. మార్త వంటపనుల్లో తొందరపడుతుంటే మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుందని పిల్లలకు చెప్పేటప్పుడల్లా, మా ఇంట్లో మార్తకు మీసాలున్నాయి కదా అనుకునేదాన్ని.

వంటవాళ్ళు మా వైపు తక్కువేమీ కాదు. ఆయన్నే పిలవడానికి కారణం ఆయన పద్ధతి. దమ్ము పెట్టేటప్పుడు మూత చుట్టూ పిండి ముద్దతో మూయడం అందరూ చేసేదే. ఆయన మాత్రం ఆ పిండి మీద బొటనవేలితో నొక్కి సీలు వేస్తాడు. దాన్ని తెరవాలంటే పెళ్ళికొడుకు తరఫున ఒకరు, పెళ్ళికూతురు తరఫున ఒకరు సాక్షులుగా రావాలి. సీలు చెదరలేదని ఇద్దరూ ఒప్పుకున్నాకే మూత లేస్తుంది. ఈలోపు ఒక్క ముక్క రుచి చూస్తానని వరుడి మేనమామ వచ్చి బతిమాలినా, కేసు ఇంకా విచారణలో ఉండాదని పంపేసేవాడు. మా సీమలో విందుల దగ్గర గొడవలన్నీ ముక్కల గురించే. మా పంక్తికి ఎముకలు వచ్చాయని ఒకరు, కండంతా వాళ్ళకే పోయిందని ఒకరు. ఆయన పంచనామా మొదలుపెట్టాక ఆ మాట వినపడలేదు.

ఒకసారి కుప్పంలో బట్టల వ్యాపారి కొడుకు రిసెప్షన్‌కు వండాడు. సాక్షులు రావాలని కేకేస్తే పెళ్ళికూతురి తరఫున వచ్చిన మనిషి మా ఆయన స్టేషన్ ఎస్సై. ఆ పిల్లకు దూరపు చుట్టమట. మా ఆయన ఆలోచించలేదు. మడమలు చేర్చి, చేతిలో ఉన్న తెడ్డుతోనే సెల్యూట్ కొట్టాడు. మసాలా కొంత ఆయన నుదుటికి అంటింది, కొంత ఎస్సై తెల్లచొక్కా మీద పడింది. ఎస్సై సీలు చూశాడు, చెదరలేదని సాక్ష్యం చెప్పాడు, కూర్చుని రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. మరుసటి రోజు పిలిచి మెమో చేతిలో పెట్టాడు.

“నిన్న తిన్నది బాగుండాది. అది వేరే, ఇది వేరే. సర్కారు జీతం తీసుకునేటోడు పైనుంచి పర్మిషన్ లేకుండా బయట కూలికి పోకూడదప్పా. ఊరికే సేవ చేసుకుంటే నేను అడగను. దుడ్డు తీసుకుంటే మాత్రం నీ యూనిఫాం ఈడ పెట్టి పోవల్ల.”

నా ప్రార్థనకు జవాబు సర్కారు కాగితం రూపంలో వస్తుందని నేను ఊహించలేదు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, సైనికులు తమ జీతంతో తృప్తిపడాలని బాప్తిస్మమిచ్చే యోహాను చెప్పిన సంగతి కూడా వడ్డించాను. ఆయన తలెత్తకుండా తిన్నాడు. ఆ తర్వాతి ఆదివారం హ్యాండ్‌బ్యాగు నా ఒళ్ళోకి వచ్చింది, ఆయన నా పక్కన కూర్చున్నాడు.

ఆ భాగ్యం ఒక్క వారమే. ఎస్సై అన్న మాటలన్నింటిలో సంఘపెద్దలు ‘ఊరికే సేవ’ అన్నదాన్ని పట్టుకున్నారు. ఆ మరుసటి ఆదివారం ఆయన్ని ముందుకు పిలిచి మోకరించమన్నారు. పాస్టరయ్యగారు తలమీద చేయి పెట్టి, మోషే కాలంలో ప్రత్యక్ష గుడారపు పని కోసం బెసలేలు అనే పనివాణ్ణి జ్ఞానంతో నింపినట్టే ఈ సహోదరుణ్ణి కూడా దేవుడు నింపాడని ప్రార్థించారు. సంఘమంతా ఆమేన్ అంది. నేను ఒక్కదాన్నే అనలేదు.

కూలి ఉన్నప్పుడు ఆదివారానికి ఒక పిలుపు వచ్చేది. కూలి లేదని తెలిశాక ఒక్కో ఆదివారం రెండు మూడు వచ్చిపడ్డాయి. అంగళ్లులో గృహప్రతిష్ఠ, నిమ్మనపల్లెలో చెవులు కుట్టించడం, పుంగనూరులో ఎవరికో కొత్త ట్రాక్టరు. సేవకు మా మతం మీ మతం ఏముందప్పా అంటూ హిందువుల ఇళ్ళనుంచి కూడా వచ్చారు. కుక్క ఈనితే తప్ప అన్నిటికీ మా ఆయన వండాడు. ఒక ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి వాకిట్లోనే కూలబడ్డాడు.

“ఏమ్మే, అసలు వండకుండా ఉండిన ఆ ఒక్క వారమే బాగుండె,” అన్నాడు.

సోమవారం పొద్దున్నే ఎస్సై ముందుకు పోయి, సేవను కూడా నిషేధించమని అడిగాడట. ఎస్సై కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వాడట.

“వద్దంటే దొంగగా చేసేటోళ్ళని సూసినా. వద్దనమని అడుక్కునేటోణ్ణి ఇప్పుడే సూస్తాండా.”

ఆ తర్వాత ఒక దారి చూపించాడు. ఇకమీద సేవైనా సరే, ప్రతి పిలుపుకూ అర్జీ పెట్టాలి, అది పైకి పోయి పర్మిషన్ వచ్చేదాకా తెడ్డు ముట్టకూడదు. పై ఆఫీసులో అర్జీ కదిలే వేగానికి ఏ పెళ్ళీ ఆగదని ఇద్దరికీ తెలుసు. పైగా, తమ ఇంటి గృహప్రవేశానికి మా ఆయన్నే పిలవాలనుకున్నానని, ఇప్పుడు తన నోరు తానే కట్టేసుకున్నానని వాపోయాడట ఎస్సై.

అట్లా మా ఆయన మళ్ళీ బెంచీ మీదికి వచ్చాడు. మెల్లగా పాటలు నేర్చుకున్నాడు. ప్రసంగంలో నిద్రపోయినా నా పక్కనే కదా నిద్రపోతున్నాడని స్తుతించాను.

అప్పుడు వచ్చింది కోతకాల పండుగ. చర్చి వెనక షామియానా కింద వేరే మనిషి వండుతున్నాడు. ఈ పండగ వంటకని మా ఆయన పెట్టిన అర్జీ ఇంకా పైనే ఉంది. పాస్టరయ్యగారు దీర్ఘప్రార్థనలో ఊళ్ళనూ, పంటలనూ, టమోటా రైతులనూ తలుచుకుంటూ పోతున్నారు. నా పక్కన మా ఆయన ముక్కు కిటికీ వైపు తిరిగింది. చేతులు జోడించే ఉన్నాడు గాని బెంచీ అంచుకు జరిగాడు.

“అడుగంటతాండాది,” అని గొణిగాడు.

“ప్రార్థన చేసుకోండి.”

“సంఘమంతా ఈ పొద్దు మాడుకూడు తినల్లమ్మే.”

నేను కళ్ళు తెరిచి ఆయన ముఖం చూశాను. గెత్సేమనే తోటలో ప్రభువు వేదనపడుతుంటే శిష్యులు నిద్రపోయారని చదివాను గాని, ఈయనంత వేదనతో మేలుకున్నవాణ్ణి చర్చిలో ఎప్పుడూ చూడలేదు. విశ్రాంతిదినాన ఎద్దు గుంతలో పడితే పైకి తీయరా అని ప్రభువు అడిగాడు. పర్మిషన్ వచ్చేదాకా ఆగమనలేదు. ఆ ప్రభువే చనిపోయి తిరిగి లేచాక, సముద్రపు ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి శిష్యులకు పెట్టాడు. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్న కథ, ఆ మాడువాసనలో నాకు మొదటిసారి అర్థమైంది.

“పోండి,” అన్నాను. “ఎస్సై అడిగితే ఎద్దు పడిందని చెప్పండి.”

చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు.

ఆశీర్వాదం అయ్యాక వెనక్కి వెళ్తే, మాడిన దాన్ని కిందే వదిలేసి పైది వేరే డేక్సాలోకి మార్చి, మళ్ళీ దమ్ము పెట్టి ఉన్నాడు. చుట్టూ పిండి, పిండి మీద బొటనవేలు గుర్తు. పండగ బట్టలకు మసాలా. సంఘం తరఫున పాస్టరయ్యగారు ఒక సాక్షిగా నిలబడ్డారు. రెండో సాక్షి కావాలని మా ఆయన చుట్టూ చూసి నా మీద కళ్ళు ఆపాడు.

“ఏమ్మే, సీలు సరిగ్గా ఉండాదా సూసి చెప్పు.”

ఆయన డేక్సా దగ్గరికి నేను అంతవరకు ఒక్కసారీ పోలేదు. వంగి చూశాను.

“సరిగ్గా ఉంది,” అన్నాను. మూత లేచింది.