ఎండ్రికాయకు మేనత్తనైన

సముద్రపు ఎండ్రికాయల మీద పరిశోధన చేసే మా తమ్ముడు పొద్దున తాండూరుకు వచ్చిండు. చిన్న సీసాల గోరంత ఆడ ఎండ్రికాయను తెచ్చిండు. దాని డెక్కల లోపల సన్నని నూగు ఉన్నది. అసొంటి ఎండ్రికాయల్ల ఇంక దేనికీ లేదట, అందుకే ఇది కొత్త జాతి.

"పేరు నువ్వే పెట్టాలె అక్కా."

"నాకేం తెలుసురా?"

"మేనత్తవు గదా!"

మాలో పేరు పెట్టేది మేనత్తే. తమ్మునికి పిల్లలు లేరు. ఆ మాట మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు.

దీపం పెట్టి, దండం పెట్టుకున్న. అనంతగిరిల పుట్టిన మూసీ కూడా చివరికి సముద్రానికే పోతది గదా, ఆ పేరే అనుకున్న.

"చెవిల చెప్పాలె. దీనికి చెవెక్కడరా?"

"చెవులుండవక్కా, జర గట్టిగ చెప్పు," అని కండ్లు తుడుచుకుంట నవ్విండు.

గట్టిగనే చెప్పిన.

పది కాళ్ల మేనకోడలికి పట్టీలు ఎట్ల కొనాల్నో మీరే చెప్పండి.