డ్రాయింగు షీటు మీద మడత

హైస్కూల్లో డిజైను కోర్సు మొదలైన రోజే డ్రాయింగు సారు బోర్డు నిండా రూళ్లు రాశారు. చేతులు కడుక్కుని రావాలి. రబ్బరుతో రుద్దిన మరక కనపడకూడదు. షీటు నలగకూడదు, మడత పడకూడదు. గంట కొట్టేలోగా బొమ్మ మొత్తం నిండాలి. పూర్తికాని షీటు గానీ పాడైన షీటు గానీ రెండుసార్లు ఇస్తే ఇక కోర్సులో ఉండరు. ఆంధ్ర నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. కోపం లేదు, గొంతు పెంచరు. కానీ ఆయన రాసిందంటే రాసిందే.

నాకా కోర్సు ప్రాణం. రామన్నపేట దగ్గర మా ఊళ్లో మాది మగ్గం నేసే ఇల్లు. కోర్సు పోతే ఆడపిల్లకు బడే పోయినట్టు, ఎందుకంటే బాపు ముందే తేల్చేశాడు: "డిజైన్లు గీసుడు నేర్సుకుంటనంటేనే తోలుతున్న. లేకుంటే మీ అమ్మతోని ఆసు కాడ కూసో." ఆసంటే అర్ధచంద్రంలా పుల్లలు పాతిన చట్రం. నూలు పోగును చేయి చాపి చాపి పొద్దంతా దాని మీద చుట్టాలి. అలా చుట్టి చుట్టి అమ్మ కుడిచేయి భుజం దాటి లేవడం మానేసింది. తల కూడా ఎడమచేత్తోనే దువ్వుకునేది. ఆ చట్రాన్ని చూస్తేనే నాకు ఏడుపొచ్చేది.

మొదటి పరీక్షకు ఎదురెదురుగా రెండు చిలుకలు గీయమన్నారు. నేను ఒకటి గీసి, నడిమి గీత కొట్టి, అందరికన్నా ముందు ఇచ్చేశాను.

"రెండోదేదమ్మా?" అన్నారు సారు.

"గంతే సార్. తక్కిన సగం దానంతటదే పడ్తది."

క్లాసంతా గొల్లున నవ్వింది. నేనేం తమాషా చేయలేదు. మా ఇంట్లో నూలును నడిమికి మడిచి, ఆ మడత మీదే ముడులు కట్టి రంగులో ముంచుతారు. విప్పితే ఒక చిలుక రెండవుతుంది. రెండో సగం కూడా కూర్చుని గీసేవాణ్ని నేను బుద్ధెరిగాక చూళ్లేదు. సారు షీటు మీద 'అసంపూర్ణం' అని రాసి పక్కన పెట్టారు.

ఇంటికెళ్లి గచ్చు మీద బొగ్గుతో రెండోవైపు చిలుకను గీసి గీసి చూశాను. అటు తిరిగిన చిలుక నా చేతికి రాదే! మెడ వంకర, ముక్కు కొడవలి, చూడబోతే కోడిపెట్ట. అన్నం సయించలేదు.

"ఏం ఫికర్ జేస్తున్నవ్ బిడ్డా? వస్తే వస్తది, లేకుంటే లేదు" అంది అమ్మ. లేకుంటే లేదని ఎంత సులువుగా అనేసిందో! నాకు ఒళ్లు మండిపోయింది.

రెండో పరీక్షకు ఏనుగుల జంట. ఎడమది చక్కగా వచ్చింది. కుడిదానికి తొండం దగ్గరే చేయి ఆగిపోయింది. రుద్దితే మరక, వదిలేస్తే అసంపూర్ణం. చుట్టూ అందరూ గీసేస్తున్నారు. అప్పుడు నా చేతులు నన్నడక్కుండానే మా ఇంటి పని చేశాయి. ఉన్న ఏనుగును పెన్సిలుతో ఒత్తి దిద్ది, షీటును నడిమికి మడిచి, వెనక గోటితో రుద్దాను. విప్పితే రెండో ఏనుగు మసగ్గా, తొండంతో సహా పడి ఉంది. గబగబా దిద్దేశాను. గంటకు ముందే షీటు నిండింది. గట్టెక్కాననుకున్నాను, పిచ్చిదాన్ని.

సారు చాలాసేపు చూశారు. చూసి, నడిమి మడత మీద వేలు పెట్టారు. "ఇదేంటమ్మా?"

"మడిచిన సార్. మా ఇంట్ల మడువకుంటే బట్టనే గాదు. జర గీ ఒక్కపారి ఇడిసిపెట్టుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

మొక్కాను కూడా. ఆయన గబుక్కున కాళ్లు వెనక్కి తీసుకున్నారు. "ఈ షీట్లు పైవాళ్లు చూస్తారమ్మా. నీ ఒక్కదానికి వదిలేస్తే మిగతావాళ్లకి నేనేం చెప్పుకోను?" అన్నారు. ఆయన ముఖమూ బాగాలేదు. అయినా నా పేరు కొట్టేశారు.

బాపుతో ఏం చెప్పాలా అని దారంతా అనుకుంటూ వచ్చాను. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది, ఆసు ముందు.

"నన్ను తీసేసిండ్రమ్మా" అన్నాను.

ఆమె ఎడమచేత్తో నన్ను దగ్గరికి లాక్కుని వీపు నిమిరింది. "పోనీ తియ్ బిడ్డా" అంది. తలెత్తి చూశాను. ఏడుస్తుందనుకున్న ముఖం తేలికపడి ఉంది. పాపం, దాచుకోవాలనే చూసింది. ఆ సంతోషం దాగలేదు.

నేను కాళ్లు కడుక్కొచ్చి ఆసు ముందు ఆమె జాగాలో కూర్చున్నాను.