మూలలు చెక్కిన బిళ్లలు

రెడ్‌మండ్‌లో మా అపార్ట్‌మెంట్ కింద ఒక జపాన్ ఆవిడ ఉండేది. అమెరికన్ సైనికుణ్ణి పెళ్లి చేసుకుని వచ్చి ముప్పై ఏళ్లయినా, ఎవరైనా "మీ జపాన్‌లో" అనగానే చేతిలో పని ఆపి, "ఏ ఊళ్లో?" అని అడిగేది. టోక్యోలో చారు నల్లగా ఉంటుందట, వాళ్ల ఒసాకాలో తేటగా ఉంటుందట. మొదటిరోజే నన్ను కూడా ఇండియాలో ఏ ఊరని అడిగింది. ఈ దేశంలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు వేరే లేరు.

ఎనభైల మొదట్లో ఒక డిసెంబర్‌లో, నేను ఇండియా వెళ్లి టోక్యో మీదుగా తిరిగొస్తానని తెలిసి మోచీ తెమ్మంది. కొత్త సంవత్సరం నాడు చారులో వేసే బియ్యపు బిళ్లలవి. ఆ వేసవిలోనే వాళ్లమ్మ పోయింది. ఆ పెళ్లికి కోపం వచ్చి గడప తొక్కొద్దన్న అమ్మ. ఈవిడ మళ్లీ తొక్కనేలేదు.

ఏ ఊరి మోచీ అని అడగాలని నాకు తట్టలేదు. టోక్యో ఎయిర్‌పోర్ట్‌లో కనిపించిన ప్యాకెట్ కొన్నాను. ఆవిడ రెండు చేతులా అందుకుని, వంగి, థాంక్స్ చెప్పింది.

జనవరి ఒకటిన వెళ్లేసరికి వంటగదిలో కూర్చుని చాకుతో బిళ్లల మూలలు చెక్కుతోంది. టోక్యోవి నలుచదరంగా, ఒసాకావి గుండ్రంగా ఉంటాయని నాకప్పుడే తెలిసింది. గుండ్రంగా చెక్కినవి వాళ్లమ్మ ఫొటో ముందున్నాయి. చెక్కగా రాలిన మూలల ముక్కలు తన గిన్నెలో ఉన్నాయి.

"రాంగ్‌వి తెచ్చానా?" అన్నాను.

"లేదు, లేదు. ఇవీ జపాన్‌వే" అంది, తల ఎత్తకుండా.

ఊరి పేరు లేకుండా ఆవిడ జపాన్ అనడం నేను విన్నది ఆ ఒక్కసారే.