కడగని దోనె

మొన్న బెంగుళూరులో మా మనవడి భార్య ఒక గాజు సీసా తెచ్చి నా ముక్కు కింద పెట్టి, "అవ్వా, వాసన చూడు, ఇది నా పాప" అంది. లోపల రొట్టెల కోసం పులియబెట్టిన పిండి. దానికొక పేరట, పుట్టినరోజట, దాని ఫొటోలు చూసి మెచ్చుకునే జనమట. పులిసిన పిండిని ముద్దుచేసే కాలం చూడటానికే బతికున్నాను కాబోలు!

మన వయసువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో డబల్ రొట్టె అంటే జ్వరం వచ్చినవాళ్ళ తిండి. ఒళ్ళు కాలితే తప్ప మా పామిడిలో ఎవరూ దాని ముఖం చూసేవారు కాదు, చూసినా రాగి సంగటి ముందు ఇదీ ఒక తిండేనా అని మూతి తిప్పుకునేవారు. అలాంటి ఊళ్ళో మా నాయన రొట్టెల బట్టీ పెట్టుకుని, ఊరి జ్వరాల మీద మమ్మల్ని పోషించాడు. పిండి పులియడానికి మొదట్లో ఈతకల్లు కలిపేవారట. మద్యనిషేధం వచ్చి కల్లు కంటికి కనబడకుండా పోయాక, ఏ రోజు పిండిలోంచి ఆ రోజు ఒక ముద్ద తీసి మట్టికుండలో దాచి, మరునాటి పిండికి దాన్నే తోడు వేయడం మా అమ్మ వంతయింది. పెరుగు తోడు అయిపోతే పక్కింట్లో అడుక్కోవచ్చు. మా ముద్ద చచ్చిపోతే ఊళ్ళో ఇంకెక్కడా లేదు, బట్టీ ఆరిపోవలసిందే, మేము పస్తుండవలసిందే.

ఒక కరువు ఏడాది మా మేనత్త విడపనకల్లు నుంచి దిగింది. ఆవిడ శుభ్రం గురించి ఏం చెప్పమంటారు! సొంత ఇంట్లో బూజు దులిపిన పాపాన పోలేదు గానీ, పరాయి వంటింట్లో అడుగుపెడితే చాలు, చేతులు ఊరుకునేవి కావు. అమ్మ పెన్నలో చెలమ తోడి నీళ్ళు తేవడానికి పోయిన సమయం చూసి, ఈ మహాతల్లి కుండ మూత తీసి, వాసనకు ముక్కు మూసుకుని, ముద్దను ఎనుము ముందు పారేసి, మేము గుక్కెడు గుక్కెడు దాచుకున్న నీళ్ళతో ఆ కుండను తళతళలాడేలా తోమింది. అమ్మ వచ్చేసరికి అత్త పిండి పిసికే చెక్క దోనె దగ్గర కొబ్బరి పీచు పట్టుకుని నిలబడి ఉంది.

"నమాజు చేసే కొంపలో ఈ కల్లు వాసనేంది? ఆ నీళ్ళు ఇట్ల ఇయ్యి, దీన్ని గూడా కడిగేస్తా" అంది.

ఆ దోనెను మా ఇంట్లో ఎన్నడూ నీళ్ళతో కడిగేవారు కాదు, ఊరికే గీకి గుడ్డ కప్పేవారు. అప్పటిదాకా ఎదురుమాట ఎరగని మా అమ్మ బిందె దించి, ఆ గుడ్డే దోనెలో పరిచి, అందులోకి ఎక్కి బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"కడుగు వదినా, ముందు నన్ను కడుగు. నేను ఈడ్నించి లేసేది లేదు."

అత్త శాపనార్థాలు పెట్టింది, రొమ్ము బాదుకుంది. నాయన వచ్చి, అక్కను సముదాయించాలో పెళ్ళాన్ని సముదాయించాలో తేలక బీడీ ముట్టించాడు. మగవాళ్ళకు అంతకంటే ఏం చేతనవును! అత్త అలిగి సాయంత్రం బస్సెక్కాకే అమ్మ లేచింది. దోనె మూలల్లో ఎండి అంటుకున్న పిండిని గోటితో గీకి, గోరువెచ్చని నీళ్ళలో నానేసి, కాస్త మైదా కలిపి కుండలో పెట్టింది. బట్టీ చల్లగా పడి ఉంది. అమ్మ తిండి మానేసి ఆ కుండ దగ్గరే కూర్చుని, మాటిమాటికీ మూత తీసి చూసేది. చివరికి ఒక ఉదయం పిండి బుడగలు కట్టి పైకి లేచింది. అప్పుడు ఏడ్చింది మా అమ్మ. అరవైల్లో ఈస్టు డబ్బాలు వచ్చేదాకా మాకు అన్నం పెట్టింది ఆ ముద్దే.

ఇదంతా మనవడి భార్యకు చెప్పాను. "సో క్యూట్ అవ్వా" అంది. మర్నాడు గోవా ప్రయాణమవుతూ, నా కళ్ళ ముందే ఆ సీసాను సింకులో బోర్లించి కుళాయి తిప్పింది. అయ్యో, నీ పాప కదే అంటే, వచ్చాక ఇంకోటి ఆన్‌లైన్లో తెప్పించుకుంటుందట! దీనికి పెట్టిన పేరే దానికీ పెడుతుంది కాబోలు. పోయినదల్లా మళ్ళీ గుమ్మంలోకి వచ్చి పడే కాలంలో దేనికీ ఎవరూ అడ్డం కూర్చోనక్కర్లేదు. నాకు మాత్రం ఒక్క క్షణం కూర్చుందామనే అనిపించింది. గాజు సీసాలో ఎక్కడ కూర్చోను?